చేతికే ఇచ్చే అద్దె

“వంటింటి గోడ చెమ్మ పడుతుందా అని అడగవేం బాబూ?” అంది పిన్నిగారు. ఆవిణ్ణి అందరూ అలాగే పిలుస్తారట.

కళ్ళజోళ్ళ షాపతను తడబడ్డాడు. అద్దెకివ్వడానికి ఇల్లు కొనడం అతనికి ఇదే మొదటిసారి. భార్య చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపిన ప్రశ్నలన్నీ గుమ్మం దాటగానే కలగాపులగమైపోయాయి.

“పడుతుందాండీ?”

“వానాకాలం పడుతుంది. రంగు వేయిస్తే కొన్నాళ్ళు ఊరుకుంటుంది. ఇక నీళ్ళ సంగతి అడుగు.”

బ్రోకరు నెత్తి గోక్కున్నాడు. “పిన్నిగారూ, మీరు ఈ బేరం కుదరనిచ్చేలా లేరే.”

“దాచిపెడితే కొన్నాక తిట్టుకుంటాడు. తిట్టుకున్నవాడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కుతాడా?”

ఇంట్లో ఉండేది ఆవిడ ఒక్కతే. ఎవరు కొన్నా అద్దెకి ఉంటారనీ, చుట్టుపక్కల ఎంతుంటే అంతా ఇస్తారనీ బ్రోకరు ముందే చెప్పాడు. ఓనరు ఎందుకు అమ్ముతున్నట్టు అని అడిగితే మాత్రం, “ఇల్లు మరీ పెద్దదైపోయిందట” అని ఊరుకున్నాడు. రెండు గదుల ఇల్లు పెద్దదవడమేమిటో అతనికి అంతుపట్టలేదు.

ఆవిడ పై అరలోంచి గ్లాసులు దించి, దుమ్ము కడిగి, కాఫీ పోసింది.

“మా ఆవిడ ఇంకోటి అడగమందండీ. అద్దె ఒకటో తారీఖుకల్లా అకౌంట్లో పడిపోతుందా అని.”

“పడదు.”

అతను గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపాడు.

“నువ్వొచ్చి చేతికి తీసుకోవాలి. ప్రతి నెలా. అదొక్కటే నా షరతు.”

“ఫోన్లో పంపడం రాదాండీ? నేను నేర్పిస్తాను.”

“వచ్చు.”

బ్రోకరు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

“ఇన్నేళ్ళలో అద్దె కోసమని ఎవరూ ఈ తలుపు తట్టలేదు బాబూ. కరెంటు మీటరు కూడా కింద మెట్ల దగ్గరే పెట్టారు. రీడింగు తీసే అబ్బాయీ పైకి రాడు.”

ఓనరు ఎంత పట్టని మనిషో అనుకున్నాడతను. కాఫీ తాగుతూ నసిగాడు. “మా షాపులో వాళ్ళేమో... ఉన్నవాళ్ళని ఖాళీ చేయించి, బాగు చేయించి, ఎక్కువ అద్దెకి ఇచ్చుకోమంటున్నారండీ.”

గ్లాసుల అలమర మూయబోతున్న ఆవిడ చెయ్యి తలుపు రెక్క మీద ఆగిపోయింది. “నువ్వేమంటావు?”

“మా ఆవిణ్ణి అడగాలండీ.”

“ఆవిణ్ణి కూడా తీసుకురాకపోయావా. ఇంకో గ్లాసు కడిగేదాన్ని.”

ఆ వారంలోనే లాయరు కాగితాలు చూసి బాగున్నాయన్నాడు. అడ్వాన్సు ఇవ్వడానికి అతను బ్రోకరు ఆఫీసుకి వెళ్ళేసరికి, పిన్నిగారు ఒళ్ళో సంచి పెట్టుకుని గోడవార కుర్చీలో కూర్చుని ఉంది. తన సంగతి తేల్చుకోవడానికి వచ్చింది పాపం, అనుకున్నాడు.

“మిమ్మల్ని ఖాళీ చేయించనండీ. నెలనెలా నేనే వస్తాను. మా ఆవిడా వస్తానంది.”

“గుమ్మంలో నిలబడి తీసుకుపోతే కుదరదు. కూర్చోవాలి.”

“అలాగే కూర్చుంటాం.”

ఆవిడ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, సరిగ్గా తుడవలేదేమో, మళ్ళీ తుడుచుకుంది.

బ్రోకరు ఒప్పందం కాగితం బల్ల మీద పరిచాడు. అతను సంతకం పెట్టి, ఓనరు ఇంకా రాలేదేమిటా అని వీధి వైపు చూశాడు.

“ఇక అమ్మేవారు పెట్టాలి” అన్నాడు బ్రోకరు.

పిన్నిగారు కలం అందుకుంది.