అరువు సీసా

"యాదగిరీ, నీ మూత్రంల ప్రొటీన్ పోతున్నది. కిడ్నీలు దెబ్బతిన్నయి. ఇగ పనికి రావద్దు," అన్నాడు కాజీపల్లి మందుల ఫ్యాక్టరీ డాక్టరు.

యాదగిరి చప్పున వెనక్కి తిరిగి చూశాడు. తన జబ్బు బయటపడి కొలువు పోతుందన్న భయంతో, పరీక్షకు అతడిచ్చినది ఆరోగ్యవంతుడని నమ్మిన మిత్రుడు మజహర్ మూత్రం.

వరుసలో వెనుకనే ఉన్న మజహర్ ముఖం పాలిపోయింది. "ఊకో యాదన్నా. నేను గూడ ఇంకెవ్వలిదన్న సీసా ఇస్త, నా కొలువన్న మిగులుతది," అని గొణిగాడు.

"నువ్వే మిగలకపోతే కొలువెవ్వలికి భాయ్?"

యాదగిరి డాక్టరు వైపు తిరిగాడు. "సార్, గా సీసా మజహర్‌ది. నా రోగం ఇగో." ప్యాంటు పైకి మడిచి వాచిన కాళ్లు చూపించాడు. "ఇద్దరం రసాయనాలు ఉడికే ఒక్క రియాక్టర్ కాడనే పనిజేస్తం. అందరికీ పరీక్షలు, వైద్యం చేయించుండ్రి. గందాక ఈడికెల్లి కదలం."

వరుసలో నిలిచినవారు ఒక్కొక్కరే ప్యాంట్లు పైకి మడవసాగారు.