సాయంత్రం కోర్సు

"వచ్చే నెల మీకు పొద్దుటి డ్యూటీ ఎన్ని రోజులు?" అంది భార్య, కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా.

బూటు లేసు కట్టుకుంటున్నవాడల్లా ఆగాడు బస్సు డ్రైవరు. ఈ వారంలో ఆమె ఆ మాట అడగడం ఇది మూడోసారి.

"ఎందుకూ?"

"ఊరికే."

పదహారేళ్ళ కాపురంలో ఆమె ఏదీ ఊరికే అడిగిన మనిషి కాదు. పైగా మూడు వారాలుగా బ్యాంకు నుంచి ఆలస్యంగా వస్తోంది. ఫోను మోగితే బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంటోంది.

మర్నాడు వాన పట్టుకుంటే గొడుగు కోసం ఆమె సంచీలో చెయ్యి పెట్టాడు. మూడు నర్సింగ్ కాలేజీల కాగితాలు బయటపడ్డాయి. ఒకదాని మీద ఎర్ర సిరాతో 'మరీ దూరం' అని రాసి ఉంది. ఇంకోదాని మీద 'పగటి క్లాసులే, కుదరదు'. మూడోదానికి టిక్కు.

బ్యాంకు ఉద్యోగం చేతిలో ఉండగా ఈ నర్సింగ్ ఏమిటి? తనని వదిలి వేరే బతుకు మొదలుపెట్టడానికి కాకపోతే? బీరువా వెతికాడు. ఇద్దరి సర్టిఫికెట్లూ దాచే కవరే లేదు.

"విడిపోదామనుకునేవాళ్ళు ముందుగా కాగితాలే సర్దుకుంటారన్నా," అన్నాడు డిపోలో కండక్టరు.

మంగళవారం సెలవు పెట్టి ఆమె వెనకాలే వెళ్ళాడు. కాలేజీ ఆఫీసులో ఆమె గుమాస్తా ఎదుట కూర్చుంది. డ్రైవరు నోటీసు బోర్డు చాటున నక్కాడు.

"ఉద్యోగం మానేస్తారా?" అడిగింది గుమాస్తా.

"మానితే ఇల్లెలా గడుస్తుందండీ? అందుకేగా సాయంత్రం కోర్సు వెతుక్కోవడం."

"మూడేళ్ళు. శనివారాలు ఆస్పత్రిలో పొద్దస్తమానం నిలబడాలి. ఈ వయసులో కష్టం కదా?"

"ఓపిక గురించి నాకు బెంగ లేదు."

"ఇంట్లో చెప్పారా?"

"చెబితే ఆదిలోనే వద్దంటారండీ. సీటొచ్చాక చెబుతాను."

అతను పళ్ళు కొరికాడు.

"రోగులకి చేసిన అలవాటుందా?"

"ఉందండీ. పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దాయనకి రెండేళ్ళు. ఒళ్ళు తుడవడం, గొట్టంలోంచి తిండి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం. ఒక్క పుండు పడలేదు ఆయన ఒంటి మీద."

అతని ఒళ్ళు భగ్గుమంది. ఆ ముసలాయన తన తండ్రి. డ్యూటీలు మార్చుకుని, నిద్ర మానుకుని తిప్పిన చేతులు తనవి. చివరి రోజు ఆ తల పడి ఉన్నది తన ఒళ్ళో. పోతే పోనీ, పోతూ పోతూ ఆ రెండేళ్ళు కూడా పట్టుకుపోతుందా!

"అబద్ధం!" బోర్డు చాటునుంచి ఒక్క ఊపున వచ్చేశాడు. "మా నాన్నకి చేసింది ఈవిడ కాదు, నేను!"

భార్య ఉలిక్కిపడి లేచింది. గుమాస్తా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, బల్ల మీది దరఖాస్తుని మెల్లగా అతని వైపు తిప్పింది.

దాని మీద అంటించి ఉన్నది అతని ఫొటో.