కిటికీ వైపు చెంప

“ఈయన కారు నడపరు కదా,” అంది చర్మం డాక్టరు, భూతద్దం ఇంకా అతని ఎడం చెంప మీదే ఉంచి.

“ఎందుకు నడపరు? రోజూ షాపుకి తనే నడుపుకుంటూ వెళ్తారు,” అంది అతని భార్య.

“అయితే మచ్చలు కుడి చెంప మీద ఉండాలే.”

టైల్స్ షాపు మేనేజరైన మొగుడు, గోడ మీది పోస్టర్లో నవ్వుతున్న అమ్మాయి వైపు, కాపాడమన్నట్టు చూశాడు.

“మంగు అయితే రెండు చెంపలకీ జతగా వస్తుంది,” అంది డాక్టరు. “పుట్టుమచ్చలు ఈ వయసులో ఇలా గుంపుగా దిగవు. ఇవి ఎండ మచ్చలు. కారు అద్దాలు ఎత్తి ఉన్నా ఎండ ఊరుకోదు. మన కార్లలో నడిపేవాళ్ళకి కుడివైపు వస్తాయి, పక్కన కూర్చునేవాళ్ళకి ఎడంవైపు. ఈయన పక్కన కూర్చునే మనిషి. అదీ ఏళ్ళ తరబడి.” భూతద్దం కాస్త పైకి జరిపింది. “ఇదిగో, రెప్ప మీద కూడా ఉంది. అంటే దారి పొడుగునా హాయిగా నిద్రపోతారు.”

భార్య కుర్చీ ముందుకి లాక్కుని ఆ రెప్పని తనూ చూసింది.

ఆమె డ్రైవింగ్ లైసెన్సుల ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో సగం మంది ఆమె చేతిలో ఫెయిలైనవాళ్ళు, మిగతా సగం ఆ భయానికి సైకిలు తొక్కుతున్నవాళ్ళు. పొద్దున్నే ఆఫీసు జీపు వచ్చి ఆమెని తీసుకుపోతుంది, సొంత కారు మొగుడికి వదిలేస్తుంది. సెలవు రోజున ఆమె నడుపుతుంటే ఆ మొగుడు కునుకు తీయడం అటుంచి, రెప్ప కూడా వేయడు. తలుపు పైన పట్టీకి వేలాడుతూ, తన కాళ్ళ దగ్గర లేని బ్రేకుని తొక్కుతూ కూర్చుంటాడు.

అలాంటిది, ఎవత్తి పక్కనో నిద్రపోతున్నాడు.

“పగలు సన్‌స్క్రీన్, రాత్రి ఈ క్రీము,” అంటోంది డాక్టరు. “తగ్గకపోతే పీల్ చేసి పైపొర తీసేద్దాం. అప్పటికీ ఉంటే లేజరు.”

“లేజరు ఎంత లోపలికి కాలుస్తుందండీ?”

“మచ్చ వరకే.”

“ఇంకొంచెం లోపలికి పోనివ్వడం కుదరదా?”

మొగుడు చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు.

ఇంటికి తనే నడిపింది. సాయంత్రపు ఎండ సరిగ్గా వచ్చి అతని ఎడం చెంప మీద, అలవాటైన కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది. ఆమె ఒంటికి కుదురు లేదు. గేరు మార్చింది, మళ్ళీ మార్చింది, అవసరం లేకపోయినా హారను కొట్టింది.

“ఆడా, మగా?”

“ఆడే.”

“పెళ్ళయిందా?”

“ఎప్పుడో అయింది. పిల్లలు కూడా.”

“నాకు తెలిసిన మనిషేనా?”

“తెలుసు. అలా నన్ను చూస్తూ నడపకు, ముందుకి చూడు.”

“నాకన్నా బాగా నడుపుతుందా?”

అతను పట్టీని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. జవాబు అదే.

ఆమె ఎర్రలైటు దాటేసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. అలవాటుకొద్దీ మనసులోనే తనని తాను ఫెయిల్ చేసుకుంది.

ఇంట్లోకి రాగానే చెప్పులు కూడా విప్పకుండా అటూ ఇటూ తిరిగింది. “పేరు చెప్తారా, షాపుకొచ్చి అందరినీ అడగమంటారా?”

“చెప్తే నీ ఉద్యోగానికే ఇబ్బంది.”

“నా కాపురం కన్నానా?”

ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే తల పగిలేలా ఉంది ఆమెకి. ఫోను తీసింది.

“ఎవరికి?” అన్నాడు కంగారుగా.

“అమ్మకి.”

“అత్తయ్యకా? వద్దొద్దు, ఇప్పుడెందుకు, పెద్దావిడ,” అని అతను లేచేలోపే పక్కవీధిలో ఉన్న తల్లికి, వెంటనే రమ్మని చెప్పేసింది.

తల్లితో సరిగ్గా మాటలు లేవు. డ్రైవింగ్ పరీక్షలో ఆవిడ, మైదానం మొత్తమ్మీద ఉన్న ఒకే ఒక్క చెట్టుని వెతుక్కుంటూ వెళ్ళి గుద్దింది. ఎదురుగా ఉన్నది కన్నతల్లని కూడా చూడకుండా కూతురు ఫెయిల్ చేసింది. నేను బతికుండగా నీకు లైసెన్సు రాదని పదిమందిలో అంది కూడా. ఆనాటినుంచి ఆవిడ ఇంటికి వస్తుంది గానీ, అల్లుడితోనే మాట్లాడుతుంది. ఎప్పుడూ అదే కుర్చీలో, కూతురికి ఎడం చెంప మాత్రం కనబడేలా మొహం గోడకి తిప్పుకుని కూర్చుంటుంది.

గేటు చప్పుడైంది. మొగుడు క్రీము డబ్బా మీద గబగబా పేపరు కప్పాడు.

తల్లి వచ్చి అదే కుర్చీలో, అదే వాటంగా కూర్చుంది. “ఏం బాబూ, నీ పెళ్ళాం ఎందుకు రమ్మంది?”

“ఏం లేదత్తయ్యా, మీరు వెళ్ళిపోండి,” అన్నాడు అల్లుడు. అని, ఎడతెగకుండా దగ్గడం మొదలుపెట్టాడు.

“అమ్మా…” అంది కూతురు. అని సోఫాలో కూలబడింది.

ఆ పిలుపుకి తల్లి కాస్త కరిగింది. ఏం చేయాలో తోచక పేపరు ఎత్తి డబ్బా చూసింది. చదివింది. అల్లుడి దగ్గు ఆగిపోయింది.

“మచ్చల మందా ఇది? నాకూ కాస్త ఇవ్వవే,” అంటూ ఇన్నాళ్ళకి మొహం పూర్తిగా కూతురి వైపు తిప్పింది. “ఏం మాయరోగమో, అన్నీ ఈ కుడి చెంపకే వస్తున్నాయి.”