ఆనవాలు

వరద తగ్గిన వారానికి, ఏటి దిగువన కంచెకు చిక్కుకుని ఒక ఆవు కళేబరం కనబడింది. మంద మొత్తం ఏటిపాలైన ఆలుమగలను పశువుల డాక్టరు అక్కడికి పిలిపించాడు. చచ్చిన పశువును యజమాని కళ్ళారా చూసి గుర్తుపడితేనే ప్రభుత్వ సాయం వస్తుంది.

భర్త దూరం నుంచే గుర్తుపట్టాడు. విరిగిన ఎడమ కొమ్ము, నుదుట తెల్లమచ్చ. తల్లి చచ్చిపోతే భార్య సీసాతో పాలు పట్టి పెంచిన ఆవు. సాయం కోసం కాళ్ళరిగేలా తిరిగిన మనిషి, ఇక తిరగనక్కర్లేదని ఊపిరి వదిలాడు.

"చూడమ్మా, మీదేనా?" అన్నాడు డాక్టరు.

ఆమె బురదలో దిగి, దాని మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది.

"కాదు డాక్టరుగారూ. మాది కాదు."

"ఏమిటే నువ్వనేది?" భర్త గొంతు తగ్గించాడు. "ఇదొక్కటైనా రాయించుకోకపోతే మళ్ళీ దేంతో మొదలుపెడతాం?"

"మాదైతే నాకు తెలీదా? అది ఎక్కడో గట్టెక్కే ఉంటుంది. ఆకలేసి అరుస్తూ ఉంటుంది."

డాక్టరు అతనివైపు తిరిగాడు. "పోనీ మీరు చెప్పండి. ఊఁ అంటే చాలు, రాసేస్తాను."

అతను నోరు తెరిచాడు. భార్య అతనివంక చూడటం లేదు. అవతలి గట్టునే చూస్తోంది.

"ఆవిడ చెప్పింది కదండీ," అన్నాడు. "మాది కాదు."

చెప్పులు చేత్తో పట్టుకుని, ఆమెకన్నా ముందే గట్టు వెంట నడుస్తూ, ఆవును పేరు పెట్టి గట్టిగా పిలవడం మొదలుపెట్టాడు.