హాలీ మొక్క, గడ్డి దుబ్బు

మా చెల్లెలు సుగుణ సంచి నేనే సర్దాను. ఇంట్లోంచి వెళ్లేవాళ్లకి సంచి సర్దడం నాకది నాలుగోసారి. స్వెట్టర్లు, మందులు, ఆవకాయ సీసా పెట్టాక ఒక్క మొక్కకే చోటు మిగిలింది. మంచు కరిగిన దక్షిణ ధ్రువ ఖండానికి పనికి వెళ్లేవాళ్లు తలా ఒక మొక్క తీసుకెళ్లాలి. అది ఒక చలికాలం బతికితే అక్కడే ఉండనిస్తారు. చస్తే మనిషిని వెనక్కి పంపేస్తారు.

"అక్కా, హాలీ మొక్కా, గడ్డి దుబ్బా? పుస్తకాలన్నీ నమిలేశావుగా, చెప్పు" అంది సుగుణ.

హాలీ విదేశీ చెట్టు, ఎర్రటి పళ్లతో ముచ్చటగా ఉంటుంది. కానీ దగ్గర్లో మగచెట్టు లేనిదే ఆడచెట్టు కాయదు. ఆ చలిగాలికి నిలవదు కూడా. గడ్డి జానెడైనా ఎదగదు, కానీ చలిని తట్టుకుంటుంది, దానికి తోడూ అక్కర్లేదు. తన పువ్వులో తనే గింజ కడుతుంది.

హాలీ అనే చెబుదామనుకున్నాను. బయట యాభై రెండు డిగ్రీల ఎండ. పోయిన వేసవిలో రెండుసార్లు వడదెబ్బ తిన్న మనిషి సుగుణ, గుమ్మంలో కూర్చుని రొప్పుతోంది.

"గడ్డి" అన్నాను.

"నన్ను వదిలించుకుంటున్నావన్నమాట."

"తిక్క మాటలాపి ఆ మఫ్లరు ఇలా ఇయ్యి."

సుగుణ 2093 మే పదకొండున ఓడెక్కింది. సుగుణ 2093 మే పదకొండున ఓడెక్కింది. సుగుణ మళ్లీ రాలేదు.