కోచ్ కలిపిన చుట్టరికం

"కియోనా, మీ అమ్మమ్మని ఆ లేన్‌లోంచి బయటికి రమ్మను. మన జట్టు దిగే వేళయింది."

కోచ్ ప్రూయిట్ నోట్లోంచి ఈల తీసి, గోడ పక్క లేన్ వైపు గడ్డంతో చూపించాడు.

అక్కడ డెబ్బై దాటిన నల్లజాతి ముసలావిడ ఒకరు గట్టు పట్టుకుని, ముఖం నీళ్ళలో ముంచి, ఉక్కిరిబిక్కిరై పైకి లేస్తోంది.

కియోనా ఆవిడను అంతకు ముందెన్నడూ చూడలేదు. కాలేజీ ఈత జట్టు మొత్తంలో నల్లపిల్ల తనొక్కతే. ఆ పొద్దున కొలనులో ఉన్న ఇంకో నల్లమనిషి ఆవిడ. కోచ్‌కి చుట్టరికం కలపడానికి ఆ మాత్రం చాలింది.

"ఆవిడెవరో నాకు తెలియదు కోచ్."

"అలాగా? ఒకటే పోలికలే అనుకున్నా," అని ఆయన నవ్వాడు. జట్టులో పిల్లలూ నవ్వారు.

ప్రూయిట్ ఏ మాటా కోపంగా అనడు. అన్నీ చనువుగానే అంటాడు. ఆమె జడలు రబ్బరు టోపీలో పట్టకపోతే, "నెత్తిన ఈ గంపతో తేలడమే గొప్ప" అన్నాడొకసారి.

కియోనాకు పోటీల్లో మైలు పందెం ఈదాలని ఆశ. ఈ ఫిబ్రవరి పోటీలు దాటితే చదువు అయిపోతుంది, మరో అవకాశం రాదు. అడిగినప్పుడల్లా కోచ్‌ది ఒకటే జవాబు.

"మీవాళ్ళది చిరుత వేగం. యాభై గజాలు ఈది వచ్చెయ్. మైలుకి ఓపిక కావాలి. అది రక్తంలో ఉండాలి."

కియోనా గోడ పక్కకు వెళ్ళి, జట్టు దిగుతోందని ఆవిడకు చెప్పింది. కోచ్ చేసిన పొరపాటు కూడా, కాస్త సిగ్గుపడుతూనే, చెప్పింది.

ఆవిడ పేరు ఎర్లీన్. ఆ ఊళ్ళో పెద్దావిడలను పిలిచే మర్యాదలో, మిస్ ఎర్లీన్. సంగతి విని పగలబడి నవ్వింది.

"పోన్లే బంగారూ. కనకుండా పెంచకుండా దొరికిన మనవరాలు. వదులుకుంటానా?"

మర్నాటి నుంచి జట్టు రాకముందు కొలను వాళ్ళిద్దరిదే అయింది. కియోనా తన మైలు తాను ఈదుకునేది. తరవాత మిస్ ఎర్లీన్‌కి నీళ్ళలో ఊపిరి వదలడం నేర్పేది. ఒకరోజు ఆవిడ గట్టు వదిలి నాలుగు బారలు వేసి, లేన్ తాడు పట్టుకుని, ఎవరైనా చూశారా అని చిన్నపిల్లలా చుట్టూ చూసింది.

ఇంత వయసొచ్చాక ఈత దేనికని కియోనాకు వింతగానే ఉండేది. మోకాళ్ళ నొప్పులకి డాక్టరు చెప్పి ఉంటాడనుకుంది. అడగలేదు.

పోటీలు దగ్గరపడ్డాయి. ఎవరు ఏది ఈదాలో కోచ్ చెప్పాడు. కియోనాకు మళ్ళీ యాభై గజాలే. ఆమె అందరి ముందూ మైలు అడిగింది. ఆయన అందరి ముందూ రక్తం సంగతి చెప్పాడు.

మిస్ ఎర్లీన్ ఆ రోజు ఇంకా వెళ్ళలేదు. తువ్వాలు కప్పుకుని, నీళ్ళు కారుతుండగానే కోచ్ దగ్గరికి వచ్చింది.

"కోచ్‌గారూ, ఈ పిల్లకి నన్ను అమ్మమ్మని చేసింది మీరేనట."

ప్రూయిట్ ముఖం ఎర్రబడింది. ఏదో పొరపాటైందన్నాడు.

"నాకు నచ్చిందిలెండి. అందుకని అమ్మమ్మగానే అడుగుతున్నా. దీన్ని మైలు ఈదనివ్వండి. చాతకాకపోతే నీళ్ళే చెబుతాయి. మీరెందుకు ముందే చెప్పడం?"

జట్టు మళ్ళీ నవ్వింది. ఈసారి కియోనాను చూసి కాదు.

కోచ్‌కి ఒప్పుకోక తప్పలేదు. సోమవారం మైలు ఈదేవాళ్ళందరితో కలిపి దింపుతానన్నాడు. మొదటి ఇద్దరిలో ఉంటే పోటీకి పంపుతానన్నాడు.

సోమవారం గోడ పక్క లేన్ ఖాళీగా ఉంది.

కియోనా తలుపు వైపు చూసింది. ఈల మోగింది. దూకింది.

సగం దూరానికి అందరికన్నా వెనక ఉంది. భుజాలు మండుతున్నాయి. వేగం పెంచలేదు, తగ్గించలేదు. మొదట్లో తొందరపడ్డవాళ్ళు అలిసి, ఒక్కొక్కరే ఆమె వెనక్కి జారారు. చివరి మలుపు తిరిగేసరికి తనకన్నా ముందు ఒక్క పిల్లే మిగిలింది. ఆ పిల్ల తరవాత గోడ తాకింది కియోనానే.

"ఊహించలేదమ్మాయ్," అన్నాడు ప్రూయిట్. "మీవాళ్ళలో ఇంత ఓపిక ఎవరి రక్తమో."

"రక్తం కాదు కోచ్. రోజూ మీరు రాకముందు వచ్చి ఈదాను."

ఆయన నవ్వబోయి ఆగాడు. మైలుకి ఆమెనే పంపుతున్నట్టు అక్కడే చెప్పాడు.

ఆ మాట మొదట మిస్ ఎర్లీన్‌కే చెప్పాలనుకుంది కియోనా. మర్నాడూ ఆవిడ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

పోటీలకు బయల్దేరే పొద్దున, నడివయసు మనిషి ఒకతను మిస్ ఎర్లీన్ తువ్వాలు, ఈతబట్టలు చేతిలో పట్టుకుని కొలను గది తలుపు దగ్గర ఎదురయ్యాడు. కొడుకునని, ఇక్కడ ఉండిపోయిన ఆవిడ సామాను తీసుకెళ్ళడానికి వచ్చానని చెప్పాడు. ఆదివారం నిద్రలోనే అమ్మ పోయిందన్నాడు.

కియోనా భుజాన ఉన్న సంచి కింద పెట్టింది. బస్సు దగ్గర్నుంచి ఎవరో పిలుస్తున్నారు.

"నువ్వేనా, కోచ్ ఇప్పించిన మనవరాలు?" అని అడిగాడతను.

తలూపింది. ఆవిడకు తేలడం వచ్చిందని చెప్పింది. ఇంకొక్క నెల ఉంటే ఈ చివర నుంచి ఆ చివరకు ఈదేదని చెప్పింది.

"ఇన్నేళ్ళూ ఎందుకు నేర్చుకోలేదో నేనొక్కసారీ అడగలేదండీ. నీళ్ళంటే భయమా?"

అతను తువ్వాలు మడత సరిచేశాడు.

"భయం కాదమ్మా. ఈ ఊరి పాత ఈతకొలనులోకి మన నల్లపిల్లల్నీ రానివ్వాలని తొమ్మిదేళ్ళప్పుడు కోర్టులో నిలబడి గెలిచింది మా అమ్మే; ఆమె కాలు తడవకముందే ఊళ్ళోని తెల్లవాళ్ళు ఆ కొలనుని మట్టితో పూడ్చేశారు."