తిన్నని దారి

"రేపట్నుంచి కాదు, ఇవాళ్టి నుంచే ఆ సందుల్లోంచి వెళ్ళడం మానెయ్ నాన్నా. పెద్ద రోడ్డు మీదే వెళ్ళు," అంటూ కొడుకు సైకిలు హ్యాండిల్ పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

ఫ్యాక్టరీలో పంపు ఆపరేటరైన ఆ తండ్రి కొడుకుని ఎగాదిగా చూశాడు. బారెడు పొద్దెక్కితే గానీ పక్క దిగని సుపుత్రుడు తనకంటే ముందు లేచి, మొహం కడుక్కుని, తన గురించి మాట్లాడుతున్నాడు! ఇంట్లో వాడి పేరు దొరగారు. పనీపాటా లేకపోయినా, తండ్రి తిన్నాడా లేదా అని అడిగే తీరిక మాత్రం ఏనాడూ ఉండేది కాదు.

నిజానికి డ్యూటీకి పెద్ద రోడ్డున పోతే సగం దూరం కలిసొస్తుంది. ఆ సంగతి ఆపరేటరుకి తెలియక కాదు. ఆ రోడ్డు నిండా ఇసుక లారీలు, ఒకదాన్నొకటి తరుముకునే బస్సులు. సైకిలు మీద ఉన్నవాణ్ణి మనిషి కింద జమకట్టే డ్రైవరు ఒక్కడూ లేడు. అందుకే ఆయన టైల్స్ కొట్టు వెనకనుంచి, స్కూలు ప్రహరీ పక్కనుంచి, మురుగుకాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి ఒక దారి చూసుకున్నాడు. ఏ మలుపులో బెల్లు కొట్టాలో, ఎక్కడ దిగి నడిపించుకుపోవాలో కళ్ళు మూసుకుని చెప్పగలడు. చెమట పడితే పట్టింది గానీ, ఇన్నేళ్ళలో ఒంటిమీద చిన్న గీత పడలేదు.

అదే కొడుక్కి చెప్పాడు. కొడుకు దేనికీ తగ్గలేదు. స్కూలు వ్యాన్లు వెనక్కి చూసుకోకుండా రివర్సు చేస్తాయన్నాడు. ఆగి ఉన్న కార్ల తలుపులు ఎప్పుడు తెరుచుకుంటాయో తెలియదన్నాడు. కాలవ గట్టు మీద జారితే ఇక అంతేనన్నాడు.

"అక్కడ పడితే చూసే నాథుడుండడు నాన్నా. పెద్ద రోడ్డు మీదయితే పదిమంది చూస్తారు."

"చూసేవాళ్ళ సంగతి సరేరా, గుద్దేవాళ్ళ మాటేమిటి?"

రోడ్డంచున తెల్లగీత వేశారు కదా, దాని లోపల వెళితే ఎవడూ ముట్టుకోడని కొడుకు భరోసా ఇచ్చాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నీకోసం రెండు దార్లూ నేనే తొక్కి చూసొచ్చాను," అన్నాడు.

ఆ మాటతో తండ్రి కరిగి నీరైపోయాడు. లోపల్నుంచి వచ్చిన భార్య కూడా కళ్ళొత్తుకుంటూ, వాడు ఇంతగా చెబుతుంటే ఇంకా బెట్టు దేనికండీ అని కేకలేసింది. ఇక ఎదురు చెప్పడానికి ఆయనకి మనసు రాలేదు. దొరగారు స్వయంగా టైర్లలో గాలి కొట్టి, వీధి చివరిదాకా వెంట వచ్చి సాగనంపాడు.

తెల్లగీత ఉన్నమాట నిజమే. దాని మీదే లారీలు ఆగి ఉన్నాయి. వాటిని తప్పించుకోవాలంటే బస్సుల మధ్యకి పోవాలి. ఒక బస్సు మోచేతికి రాసుకుంటూ పోయింది. ఇంకో లారీ విసురుకి సైకిలు ఇసుకలోకి జారి, మళ్ళీ ఎలాగో నిలబడింది. వెనకవాడు హారను కొట్టి, అమ్మనాబూతులు తిట్టి మరీ వెళ్ళాడు. ఆపరేటరుకి ముచ్చెమటలు పోశాయి. పక్కసందులోకి తిప్పేద్దామని రెండుసార్లు అనుకున్నాడు. రెండుసార్లూ కొడుకు మొహం గుర్తొచ్చి, వాడి మాట కొట్టేసినట్టవుతుందని, పళ్ళ బిగువున ముందుకే తొక్కాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగి సైకిలు గోడకి ఆనించాడు. ఆఫీసు గుమాస్తా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మొహం అలా పాలిపోయిందేమని అడిగాడు. నెలాఖరుకి రిటైరవుతున్న మనిషి కాబట్టి ఆయన కాగితాలన్నీ ఆ గుమాస్తానే చూస్తున్నాడు.

"మావాడు పట్టుబట్టి పెద్ద రోడ్డున పంపించాడండీ," అన్నాడు ఆపరేటరు. గర్వం దాచుకోలేకపోయాడు. "నేనంటే వాడికింత ప్రాణమని ఇన్నాళ్ళూ తెలియలేదు."

గుమాస్తా మొహం విప్పారింది. "అయితే నేను చెప్పింది చెవిన పెట్టాడన్నమాట. మొన్న వచ్చాడు లెండి. ఏ దారిలో వస్తే డ్యూటీ కింద లెక్క అని అడిగాడు. ఇంటినుంచి తిన్నగా వచ్చే రోడ్డయితేనే లెక్క, సందులూ గొందులూ తిరిగొస్తే లెక్కకి రాదని చెప్పాను."

ఆపరేటరుకి అర్థం కాలేదు. "దారికి లెక్కేమిటండీ? దేనికి లెక్క?"

గుమాస్తా కాగితాల్లోంచి తలెత్తకుండానే, ఇన్నేళ్ళ సర్వీసులో ఆమాత్రం తెలియదా అని నవ్వాడు.

"మన ఫ్యాక్టరీ రూలు ప్రకారం డ్యూటీకొచ్చే దారిలో ప్రాణం పోతే ఆ ఉద్యోగం కొడుక్కిస్తారు కదండీ. కాకపోతే రిటైరయ్యే లోపలే జరగాలి. మీది ఈ నెలాఖరే అని చెబితే పాపం, 'అయితే ఎక్కువ టైము లేదే' అంటూ పరిగెత్తాడు."